నీళ్లు పడని బోర్లకు మూత

పుంగనూరులో నాది మోటార్లకు వైండింగ్ చేసే అంగడి. మదనపల్లె నుంచి కుప్పం దాకా యాడ బోరు మోటారు కాలినా పిలుపొస్తుంది. చేతులు రాగితీగ చుడుతుంటే నోరు ఊరికే ఉండదు కదా. కతలు చెబుతా.

ఒకసారి మదనపల్లె టమోటా మండీ దగ్గర టీ తాగుతూ పేపర్లో ఒక సంగతి చదివాను. అణువిద్యుత్తు తయారయ్యాక మిగిలే చెత్త వేల ఏండ్లకూ విషం చావనిదట. మన బోర్లకు పదింతల లోతు బోరు వేసి, గట్టిరాతి అడుగున దాన్ని దింపి, పైన బంకమట్టీ సిమెంటూ కూరి మూసేయొచ్చని కొన్ని దేశాల్లో ఆలోచిస్తున్నారట. అంతవరకే పేపరుది. "నీళ్లు లేని బోర్లు అద్దెకు కావాలంట, మన సీమకు గిరాకీ వచ్చింది" అన్నది నా సొంతం.

గంగవరం దగ్గర ఒక పెద్దాయన మోటారు విప్పుతూ ఈ మాట అన్నాను. ఆయనకు ఐదు బోర్లు. నాలుగింట్లో తెల్లదుమ్ము తప్ప ఏమీ రాలేదు. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.

"మనవి పన్నెండు నూర్ల అడుగులు. సాలవా అప్పా?"

"ఆఫీసర్లు వచ్చి సూస్తారులే" అన్నాను.

రెండు నెలలకు అదే మోటారు మళ్లీ కాలింది. పోయేసరికి ఆయన మనవరాలు, అప్పుడే నడక వచ్చిన పిల్ల, నడుముకు చీరపేలికతో మంచం కోడుకు కట్టేసి ఉంది.

"యాలమ్మా బిడ్డను కట్టేసినావు?" అని ఆయన భార్యను అడిగాను.

"నీ పుణ్యమే అప్పా. ఆఫీసర్లు వచ్చి లోతు సూడాలని, బోర్ల నోళ్ల మీద కప్పిన బండలన్నీ పెరికేసినాడు ఈ మహానుభావుడు. కేసింగు పైపులు ఎప్పుడో పీకేసినాము. మన్ను జారి ఒక్కొక్క నోరు చాటంత అయ్యుండాది."

నేరుగా ఆయన దగ్గరికి పోయాను.

"అప్పా, అది నేను అల్లిన కత. అద్దే లేదు, ఆఫీసర్లూ లేరు."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "నీ చేనులోనూ మూడు ఎండుబోర్లు ఉండాయి కదా. నన్ను తప్పించి నీవి ఇచ్చుకుందామనా?"

కతకు లేని అనుమానం నిజానికి వచ్చింది. ఇంక చేసేది లేక పేపర్లో చదివినదాన్నే పట్టుకున్నా.

"సరే అప్పా. తవ్వేది ఎవరైనా తవ్వుతారు. వాళ్ల దిగులంతా మూత గురించే. ముందు మూసి సూపించాల."

"మూసేస్తే సరుకెట్లా దింపుతారు?"

మంచి ప్రశ్నే. "నోరు మూసేది చేతగాని వానికి విషం ఎవరిస్తారప్పా?" అన్నాను. అది అబద్ధమో నిజమో నాకే తెలియలేదు.

"ఎంతకాలం మూసిపెట్టాల?"

"లక్ష ఏండ్లు."

మంచం దగ్గర్నుంచి ఆయన భార్య నవ్వింది. "మొన్న పెరికిన బండలు యాడ పెట్టినాడో ఈ పొద్దు గుర్తులేదు ఈయనకు. లక్ష ఏండ్లంట!"

ఆయన నవ్వలేదు. "అప్పుడు ఈడ బతికేవాళ్లకు ఎట్లా తెలుస్తాది, కింద ఏముండాదో?" అన్నాడు.

నా మూడు ఎండుబోర్లు గుర్తొచ్చాయి. బోరు బండి వచ్చిన రోజు మేమంతా చుట్టూ నిలబడి తడిమన్ను వస్తాదా అని చూసినవాళ్లమే. రాకపోతే దుమ్ము దులుపుకొని ఇంటికి పోయినవాళ్లమే. ఆ బొక్క తరువాత కూడా అక్కడే ఉంటుందని మాలో ఎవరం అనుకున్నాం?

నాలుగు బోర్లూ మూసేందుకు మా ఇద్దరికీ రెండు రోజులు పట్టింది. గులకరాళ్లు, చెరువు బంకమట్టి, పైన సిమెంటు. నాలుగోది మూసేదాకా ఆమె పేలిక ముడి విప్పలేదు. విప్పాక పిల్ల కొంచెంసేపు మంచం పక్కనే నిలబడింది. తరువాత చేనుకు అడ్డంపడి పరిగెత్తింది.

పెద్దాయన చేతులు కడుక్కుంటున్నాడు. ఈసారైనా నమ్ముతాడేమోనని, "నిజంగా ఎవరూ రారప్పా" అన్నాను.

"రాకపోతే పోనీ," అన్నాడు పిల్లనే చూస్తూ. "వస్తే మాత్రం ఈడ కుదరదని నువ్వే చెప్పి పంపించు. నీ మాటయితే వాళ్లూ నమ్ముతారు."