ఓడల పొలం పక్కనే సోహార్ దాకా

డెబ్భైల నడిమి మాట. నాకు పని దొరక్కపోతే నెలాఖరుకు మస్కట్ వదిలి ఇంటికి వెళ్ళిపోవాలి. ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న మా అక్కే ఒక దారి చూపించింది. అదే తీరం మీద దూరంగా ఉన్న సోహార్ ఊళ్ళో చూపు మందగించిన ఇంగ్లీషు దొరసానికి పుస్తకం చదివి వినిపించాలి. ముందు వచ్చిన ఇద్దరినీ ఆమె తిప్పి పంపేశారట. నేను బడి మొహం చూడలేదు. నాన్నే ఇంట్లో బైబిలు ముందు పెట్టి తెలుగూ ఇంగ్లీషూ నేర్పారు. దేవుడు తెరిచిన తలుపు కదా అని బయల్దేరాను.

ఉదయం ఆరింటికి మస్కట్‌లోనే రువి పేటలో, అటు వెళ్ళే ఒక కంపెనీ బస్సు ఎక్కాను. డ్రైవరు కరీంనగర్ రాజయ్య. నేను కళ్ళు మూసుకుని పైకే ప్రార్థన చేస్తుంటే, ముగిసేదాకా బండి కదిలించలేదు.

"ఏం పుస్తకమక్కా, గంత దూరం పోయి సదివేది?"

"పాతకాలపు ఇంగ్లీషు కావ్యమట. వీరుడూ రాక్షసుడూ ఉంటారట."

"రాక్షసుని కోసం సోహార్ దాక ఎందుకు? మా ఫోర్మన్ ఈడ మస్కట్ల, ఘాలాలనే ఉంటడు!"

దారిలో బర్కాలో టీ తాగి, అక్క కట్టిచ్చిన చపాతీ, గుడ్డు తిన్నాను. వెళ్ళేవారు కుడివైపు కూర్చోండి. ఖర్జూరపు తోటల సందుల్లోంచి సముద్రం కనిపిస్తూ ఉంటుంది. పదిన్నరకు సోహార్ చేరాం.

దొరసాని ఇచ్చిన పుస్తకంలో ప్రతి పాదాన్నీ రెండు సగాలుగా విడదీసి, నడుమ ఖాళీ వదిలి అచ్చువేశారు. అది చూడగానే ఇంటి అలవాటు పైకొచ్చింది. కుటుంబ ప్రార్థనలో నాన్న కీర్తన వచనం సగం చదివి ఆగుతారు; మిగతా సగం మేమందరం అందుకుంటాం. నేనూ సగం చదివి ఆగాను. ఆగకూడదేమోనని అప్పుడు తోచింది. పని పోయిందనుకున్నాను. అంతలో మిగిలిన సగం ఆమె నోట వచ్చింది, కంఠతా. ఇంకో సగం చదివాను. మళ్ళీ అందుకున్నారు. భోజనం దాకా అలాగే సాగింది.

"సగం సగంగా నడిచే కవిత్వమే ఇది. నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ."

నాకైతే అంతా అయోమయం. సముద్రాన్ని సముద్రమనక ఓడల పొలం అనడమేమిటి? యుద్ధానికి ముందే అన్ని గొప్పలు చెప్పుకునేవాడు వీరుడెలా అవుతాడని అడిగేశాను.

"గొప్పలు కావమ్మాయ్, మాట ఇవ్వడం. అన్నది చెయ్యాలి, లేదా చావాలి," అన్నారామె. "సోమవారం నుంచి ఇక్కడే ఉండు. ఆ రోజు రాక్షసుడి తల్లి పగ తీర్చుకోవడానికి వస్తుంది."

పని దొరికిందని అర్థమవడానికి కాసేపు పట్టింది.

నాలుగింటికి తిరుగు బస్సు, మళ్ళీ రాజయ్యే.

"రాక్షసుడు సచ్చిండా అక్కా?"

"చచ్చాడు. సోమవారం వాళ్ళమ్మ వస్తుంది."

పకపకా నవ్వాడు. కొంతదూరం పోయాక, "కొడుకు పోయిన తల్లి, రాక ఏంజేస్తది," అన్నాడు.

ఎడమవైపు ఓడల పొలం ఎర్రబడుతోంది. కృతజ్ఞతగా కళ్ళు మూసుకున్నాను. దారికీ, అక్కకీ, దొరసానికీ, పనికీ పైకే స్తోత్రం చెప్పాను. "ప్రభువా, ఆ రాక్షసుడి తల్లిని కూడా..." అని ఆగిపోయాను. అలా అడగవచ్చో లేదో నాన్న నేర్పలేదు.

"సల్లగ సూడు సామీ," అన్నాడు రాజయ్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

సరో కాదో ఇప్పటికీ తెలియదు. ఆమెన్ అన్నాను.