మా పెద్దబావ ‘ఉంటాది’ అన్న కత్తి

ఇందుమూలంగా గాజువాక, ఆటోనగర్ చుట్టుపక్కల జేబులో మడత కత్తి పెట్టుకు తిరిగే యావన్మందికీ తెలియజేయడమేమనగా: నేటినుంచి ఎవరి కత్తి పిడి ఊగినా, ఎవరి బ్లేడు తుప్పుపట్టినా, ఎవరు మెరుపు చూసి మోసపోయి రేకు ముక్క కొనుక్కొచ్చినా అడిగే నాథుడు లేడు. మీ కత్తి లాక్కుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, పదిమందిలో పరువు తీసే మనిషి ఇక రాడు. ఎవరికి నచ్చిన చెత్త వాళ్లు నిర్భయంగా కొనుక్కోవచ్చు. మా పెద్దబావ పోయాడు.

పెద్దకార్యం కూడా అయిపోయింది. అద్దె గిన్నెలు తోమించి పంపేశాం, షామియానా విప్పేశాం, చుట్టాలు ఎవరి ఊరి బస్సు వాళ్లు ఎక్కేశారు. ఒంట్లో ఓపిక లేదు. ఏడవడానికి కూడా కాస్త బలం కావాలని ఇప్పుడే తెలిసింది. మా లోడింగు యార్డువాళ్లు బావ ఫొటోతో ఒక కాగితం అచ్చు వేయిస్తారట, అందులోకి నాలుగు మంచిమాటలు రాయమన్నారు. నేను తొమ్మిదో తరగతి దగ్గర ఆగిపోయినవాణ్ని. పైగా నా నోట మంచిమాట వచ్చిందంటే యార్డులో నమ్మేవాడు లేడు. అయినా ఆయన చేత నాకంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు ఇంకొకడు దొరకడు కాబట్టి నేనే రాయాలి.

బావంటే మా పెద్దక్క మొగుడు. భీమిలి అవతల పల్లెలో సేద్యం చేసుకునే కుటుంబం. అన్నదమ్ములు పంచుకుంటే గట్టు తప్ప మడి మిగలని పరిస్థితి వచ్చాక, ఊరొదిలి ఆటోనగర్‌లో లారీల లోడింగులో చేరాడు. చదువు మానేసి సోడాబండ్ల దగ్గర కబుర్లు చెప్పుకుంటున్న నన్ను కూడా మెడ పట్టుకుని అక్కడే చేర్చాడు. ఇనుప చువ్వలు, రేకులు, మోటారు సామాన్లు లారీకెక్కించి, పైన టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించడం మా పని. కత్తి లేకపోతే ఆ పని ఒక్క పూట నడవదు. బిగిసిపోయిన ముడి కొయ్యాలి, ప్లాస్టిక్ పట్టీలు తెంచాలి, గోనె చింపాలి, మధ్యాహ్నం అదే కత్తి కడిగి ఉల్లిపాయ తరుక్కోవాలి. దానికి తోడు సముద్రపు గాలి. నాలుగు రోజులు పట్టించుకోకపోతే బ్లేడు ఎర్రబడిపోతుంది.

నా మొదటి కత్తి సింహాచలం కొండ కింద అంగట్లో కొన్నాను. కత్తా అది! పిడిలో దిక్సూచి, పక్కన బుల్లి కత్తెర, సీసా మూత తీసేది, గోళ్లు రుద్దుకునేది, ఆఖరికి చెవి గులిమి తీసుకునే పుల్ల కూడా ఉంది. యార్డంతా చూపించుకుంటూ ఊరేగాను. బావ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏటిరా అది?”

“ఫారిన్ కత్తి బావా. ఇందులో అన్నీ ఉన్నాయి.”

“కత్తుందేటి?”

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. తెరిచి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గలగలమంది. పైకెత్తి, బ్లేడుకీ పిడికీ మధ్య సందులోంచి వెలుతురు కనిపిస్తోందేమో చూశాడు. కనిపించింది. బ్లేడు వీపు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. లాకు లేదు, టపుక్కున మడతపడింది.

“ఉండదు,” అన్నాడు.

“ఏటుండదు?”

“కత్తీ ఉండదు, నీ ఏలూ ఉండదు. ఒగ్గీ దాన్ని.”

నేను వదల్లేదు. ఒకరోజు నైలాన్ తాడు కోస్తుంటే అది వెనక్కి మడతపడి నా చూపుడువేలి మీద మూసుకుంది. బావ ‘సెప్పేనా’ అనలేదు. తువ్వాలు చింపి వేలికి కట్టి, కుట్లు వేయించి తీసుకొచ్చి, నేను బిగించాల్సిన తాళ్లు కూడా ఆయనే బిగించాడు. మర్నాడు టార్పాలిన్ మడత మీద ఒక కత్తి పెట్టి పక్కకు జరిగాడు. కత్తీ, ఉప్పూ, మిరపకాయలూ చేతికి చెయ్యి అందిస్తే గొడవలొస్తాయని ఆయన పట్టింపు.

“మనకున్న గొడవలు సాలవేటి? తీసుకో,” అన్నాడు.

అప్పటినుంచి నా కత్తులు ఆయనే ఎంచేవాడు. ఒక్క కత్తులేనా! చెప్పులు, సెకండ్‌హ్యాండ్ బండి, సెల్‌ఫోను, అన్నింటికీ ఆయన దగ్గర రెండే మాటలు: ఉంటాది, ఉండదు. నా పెళ్లిచూపులకు వచ్చి, పిల్ల టీ గ్లాసులు పెట్టి లోపలికి వెళ్లగానే అందరూ వినేటట్టు “ఉంటాదిరా ఈ పిల్ల” అన్నాడు. మా ఆవిడ ఇప్పటికీ ఆ ముచ్చట ఎత్తుతుంది. తనని కత్తిలాగా ఎంచినందుకు కాదు, “మరి కుర్రాడెలాంటోడు?” అని వాళ్ల నాన్న అడిగితే బావ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నందుకు.

కత్తి కొనడానికి వెళ్తే ఆయనకి తొందర ఉండేది కాదు. షాపువాణ్ని నీళ్లడిగి చెయ్యి తడుపుకుని, ఆ తడిచేత్తోనే తెరిచి మూసేవాడు. “సెమట పట్టీ సేతికి రా కత్తి. ఏసీలో కూకున్నోడి సేతికి కాదు,” అనేవాడు. మెరిసే కత్తిని దీపాల కిందనుంచి తప్పించి నీడకు తెచ్చి చూసేవాడు. మడతపడే చోట రివిటు కాకుండా మర ఉంటే ఇష్టపడేవాడు, వదులైతే మనమే బిగించుకోవచ్చని. స్టీలు మరీ గట్టిదైతే సానరాయి మీద చేతులు పడిపోయినా పదునెక్కదు, మరీ మెత్తదైతే మధ్యాహ్నానికే మొద్దుబారుతుంది. ఆ మధ్యలోది కావాలి.

“కొన్నరోజు పదును సూసి కొంటార్రా ఎర్రోళ్లు. మొద్దుబారేక మన సేత్తో మనం మళ్లీ పదునెట్టుకోగలమా నేదా, అది సూడాల.”

ఆ మాట ఆయన కత్తుల గురించే అనేవాడు. నేనే అనవసరంగా ఇంకా చాలావాటికి అంటించుకున్నాను.

అంత మనిషిని ఆట పట్టించకుండా ఉండటం నా వల్ల ఎక్కడ అవుతుంది? ఒకసారి పాతసామాన్లలో దొరికిన తుప్పు కత్తిని కిరసనాయిలుతో తోమి, రంగుకాగితం చుట్టి, “సింగపూర్ ఓడ దిగిన ఆఫీసరు ఇచ్చేడు బావా, నీకే,” అని పెట్టాను. ఆయన విప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“సింగపూర్లో కిరసనాయిలు ఇంకా దొరుకుతందన్నమాట,” అని జేబులో వేసుకున్నాడు.

అంతేకదా అనుకున్నాను. మర్నాడు భోజనాల వేళకి నా క్యారియరు లారీ కొక్కేనికి వేలాడుతోంది. చుట్టూ తాడు, ముడి మీద ముడి, వేలు దూర్చడానికి సందు లేదు. కింద ఆ సింగపూర్ కత్తి పెట్టి ఉంది.

“దాంతోనే కొయ్యాల. ఇంకో కత్తి ముట్టుకుంటే ఒప్పుకోను,” అన్నాడు బావ, తన అన్నం కలుపుకుంటూ.

టీ వేళ దాకా కోశాను. యార్డంతా నా చుట్టూ చేరి లారీ డ్రైవర్లతో సహా చప్పట్లు కొట్టారు. చివరికి క్యారియరు తెరిస్తే చేపల పులుసు లేదు. అది ముందే తినేశాడు.

ఈ మధ్య ఆయాసం మొదలైంది. పని మానేసి ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. అరుగు దిగాలన్నా ఆగి ఊపిరి తీసుకోవాలి. మా అక్క ఉక్కునగరంలో ఒక క్వార్టర్‌లో వంటకి వెళ్తుంది, మధ్యాహ్నానికి గానీ రాదు. మానేద్దామంటే ఇల్లు గడవదు. వెళ్తే ఆవిడ ప్రాణమంతా ఇక్కడే.

“నానింట్లో లేనప్పుడు ఏటన్నా అయితే? ఒక్కడూ ఉండిపోతాడురా. పొద్దుటిపూట నువ్వొచ్చి కూకో తమ్ముడా,” అంది. అదొక్కటే ఆవిడ భయం. పోవడం గురించి కాదు, ఒక్కడే పోవడం గురించి. సరేనన్నాను. యార్డులో చెప్పుకుని రోజూ పొద్దుటిపూట వెళ్లి కూర్చునేవాణ్ని.

ఆ రోజుల్లోనే, బావ ఎంచిన నా ఆఖరి కత్తి కాలవలో పడి పోయింది. పద బావా కొనుక్కుందాం అన్నాను అలవాటుగా. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“నానెక్కడికి రాగల్ను? నువ్వే ఎంచుకురా.”

“నానా? నాను ఎంచితే నువ్వు పదిమందిలో నా పరువు తీత్తావు.”

“తీత్తాను. తప్పేటి? ఒక కత్తి ఎంచడం రానోడివి, రేపు మీ అక్కకి ఇంటికప్పు బాగుసెయ్యాలన్నా, డాక్టరుని ఎతకాలన్నా ఏటి సేత్తావు? దాన్ని ఎవుడి సేతిలో ఎట్టి ఎల్లమంటావు నన్ను?”

నేనేదో వెటకారం ఆడబోయి, ఆయన గ్లాసులో నీళ్లు పోసి మూత పెట్టాను.

అలా ఒక పొద్దున్న పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. షాపు తరవాత షాపు. నీళ్లడిగి చెయ్యి తడుపుకున్నాను, చెవి దగ్గర ఊపాను, నీడకు తెచ్చి చూశాను.

“కత్తి కొంటావా, పెళ్లిచూపులకొచ్చేవా బాబూ?” అన్నాడు ఒక షాపువాడు.

“పెళ్లిచూపులే. పిల్లకి వంకర ఉంటే మా బావ నన్ను కోత్తాడు,” అన్నాను.

చివరికి ఒక అనాకారి కత్తి దొరికింది. గోధుమరంగు పిడి, గరుగ్గా ఉంది. దళసరి బ్లేడు, మెరుపు లేదు. మడత దగ్గర మర ఉంది. వెనక లాకు గట్టిగా పడుతోంది. దిక్సూచి లేదు, గులిమి పుల్ల లేదు. పాత నేనైతే దాని మొహం కూడా చూసేవాణ్ని కాదు.

ఇంటికి వెళ్లేసరికి బావ కుర్చీలో ఉన్నాడు. అక్క పనికెళ్లిపోయింది. అరుగు మీద కత్తి పెట్టి పక్కకు జరిగాను. ఆయన గ్లాసులో నీళ్లతో చెయ్యి తడుపుకుని తీసుకున్నాడు. తెరిచాడు. ఊపాడు, చప్పుడు లేదు. వీపు మీద నొక్కాడు, కదల్లేదు. చాలాసేపు దానికేసి చూసి, నాకేసి చూసి, “ఉంటాది,” అన్నాడు. అని కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. అదే ఆయన ఆఖరి మాట.

అక్క వచ్చాక ఇదంతా చెప్పాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, “నువ్వు పక్కనున్నావు గదా, సాలు. ఉంటాదన్నాడా? నవ్వేడా?” అని మళ్లీ మళ్లీ అడిగింది. నవ్వేడన్నాను. పది రోజులూ, వచ్చినవాళ్లందరికీ ఆవిడే ఆ మాట చెప్పింది.

అదంతా నేను కట్టిన కథ.

నేను వెళ్లేసరికి ఆయన కుర్చీలో ఉన్న మాట నిజం. నిద్రపోతున్నాడనుకున్నాను. కత్తి వదులుగా గలగలమంటే ఆయన ఎంత నిద్రలోంచైనా లేస్తాడని, నా తాళంచెవుల గుత్తి తీసి చెవి దగ్గర ఆడించాను. “బావోయ్, మళ్లీ మోసపోయేను లే,” అన్నాను. లేవలేదు. ఇంకాస్త గట్టిగా ఆడించాను. ఆ తరవాత చెయ్యి పట్టుకుని చూశాను. నేను షాపుల్లో కత్తులు ఊపుతున్న పూటే ఆయన ఒక్కడూ వెళ్లిపోయాడు. నీళ్ల గ్లాసు మూత కూడా తియ్యలేదు.

మా అక్కకి చదువు రాదు. ఈ కాగితం ఎవరి చేతికొచ్చినా, ఫొటో చూపించండి, ‘ఆవిడే ఆ మాట చెప్పింది’ అన్నదాకా చదివి వినిపించండి. అక్కడితో ఆపెయ్యండి. మీకు దండం పెడతాను. ఇందులో వేళాకోళం లేదు.

ఆ సాయంత్రం వీధిలో పాడె కడుతుంటే, తాడు కొయ్యడానికి కత్తి ఎవరి దగ్గరుందని అడిగారు. నా జేబులోదే తీశాను. తాడు ఒక్క లాగుకి తెగింది. బ్లేడు ఊగలేదు. పక్కనే ఉన్న ముసలాయన, “ఆ కత్తి ఇంటికి తేకూడదురా, అక్కడే పారేసి వొచ్చీ,” అన్నాడు. స్మశానం నుంచి వచ్చాక అడిగితే పారేసేనన్నాను.

ఇది రాస్తుంటే నా జేబులోనే ఉంది. ఇప్పుడే తీసి తెరిచాను. మడతపడే చోట, మర పక్కన, పాడె తాడు పీచు ఒకటి ఇరుక్కుని ఉంది. గోటితో లాగితే వచ్చేస్తుంది. వేలు దాని మీద పెట్టి కూర్చున్నాను.