వేడి దోసె కోసం విశాఖపట్నం

విశాఖపట్నం వెళ్లొచ్చినవాళ్లు సముద్రం గురించి చెబుతారు, ఓడల గురించి చెబుతారు. నేను దోసె గురించి చెబుతాను. మేం వెళ్లింది దానికోసమే మరి.

ఎనభైల మొదట్లో సంగతి. మాది సబ్బవరం. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. మా ఇంటి మగాళ్లంతా అక్కడే పని. పొద్దున్నే లారీ ఎక్కాలి కాబట్టి వాళ్లు ముందు తినాలి. తర్వాత బడికెళ్లే పిల్లలు. ఆ తర్వాత మా అత్త. పొయ్యి దగ్గర ఉండేది ఇద్దరం, మా పెద్ద తోడికోడలు రాహేలక్క, నేను. అట్లు పోసిన రోజున వేడివన్నీ ఒక్కొక్కటే వీధి అరుగు మీదికి వెళ్లిపోయేవి. మాకు మిగిలేవి ఆఖరి రెండూ, అవీ తడిగుడ్డల్లా చల్లారి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేదే మనమైతే ఏ బంతిలో కూర్చోవాలో ఆ సామెత కట్టినవాడు చెప్పలేదు.

ఓ ఆదివారం అలాంటి అట్టునే తుంచుకుంటూ అక్క అంది, "ఒలే సుగుణా, పెనం మీంచి తీసింది ఏడేడిగా నోట్లో ఏసుకుంటే ఎలగుంటాదే? పెళ్లికి ముందు తినే ఉంటాను. గ్యాపకం లేదు."

ఆవిడ నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అంటే చెప్పలేను. అత్తని అనడానికి లేదు, మగాళ్లని అనడానికి లేదు, పిల్లలని అసలే లేదు. మరి ఆ మంట ఏం చేసుకోను? ఈ మనిషికి పట్నంలో ఒక్క దోసె వేడిగా తినిపించకపోతే నా పేరు సుగుణే కాదనుకున్నాను.

దారి దేవుడే చూపించాడు. విశాఖపట్నంలో స్త్రీల కూటమని చర్చిలో చెప్పారు. శనివారం, పొద్దున్నించి సాయంత్రం దాకా. అత్తనడిగితే వక్క నములుతూ అంది, "కూటానికైతే ఎల్లండి. పట్నం సూడ్డానికైతే ఒద్దు. సముద్రం ఎక్కడికీ పారిపోదు."

శనివారం చీకటితోనే లేచి వంటంతా చేసి మూతలు పెట్టి, ఆరున్నర బస్సు పట్టుకున్నాం. కిటికీ పక్కన అక్కని కూర్చోబెట్టాను. పెందుర్తి దాకా ఆవిడ పొయ్యిలో నిప్పు ఆర్పామా లేదా అని అడుగుతూనే ఉంది. గోపాలపట్నం దగ్గర మునక్కాడల కట్టతో ఒకామె ఎక్కి మా ముందు సీట్లో కూర్చుంది. పూర్ణా మార్కెట్టుకి రోజూ వెళ్తుందట. టిఫిను ఎక్కడ బాగుంటుందని అడిగాను.

"బస్టాండు ఎదర సందులో ఇడ్లీ బాగుంటాదమ్మా. సెట్నీ మాత్రం అడిగి మరీ ఏయించుకోవాల. నోరు మూసుకు కూకుంటే ఎవుడూ ఎయ్యడు," అంది.

చదివేవాళ్లెవరైనా వెళ్తే ఆ మాట గుర్తుపెట్టుకోండి. పట్నంలో అన్నిటికీ పనికొస్తుంది.

ఎనిమిదింటికి దిగాం. ఆమె చెప్పిన హోటల్లోకి అడుగు పెట్టగానే సర్వరు మా ఇద్దరినీ చూసి, వెనక మగమనిషి కోసం చూసి, ఎవరూ లేకపోయేసరికి "ఫ్యామిలీ రూమ్" అని పచ్చ పరదా ఎత్తి చూపించాడు. లోపల నాపరాతి బల్ల, గోడకి అద్దం. అక్క అద్దంలో చూసుకుని కొంగు సర్దుకుంది. "మనకి గదిచ్చారే!" అని పొంగిపోయింది. ఏముంది అని అడిగితే సర్వరు గుక్క తిప్పుకోకుండా చదివాడు. దోసె పెనం ఇంకా కాలలేదన్నాడు. సరే, దోసె మధ్యాహ్నం చూసుకోవచ్చు, ముందు వేడి ఇడ్లీ తిందామనుకున్నాను.

ఇడ్లీ వచ్చింది. పొగలు కక్కుతూ, కొబ్బరి చట్నీతో, పక్కన చిన్న గిన్నెలో సాంబారుతో. నాకు నోరూరిపోయింది. అక్క చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

మా రాహేలక్క ప్రార్థన గురించి ఇక్కడ చెప్పాలి. చర్చిలో ఆవిడ ప్రార్థనకి లేస్తే పిల్లలు గోడకి జారబడతారు. ఇంట్లో అందరి తర్వాత తినే మనిషి కాబట్టి ఆవిడ ప్రార్థన పొడుగు ఎవరికీ అడ్డం రాలేదు. ఇప్పుడు నాకొచ్చింది.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ," అని మొదలుపెట్టింది. అత్త మోకాలి నొప్పి చెప్పింది. మగాళ్లు ఎక్కే ఎత్తులు చెప్పింది. పిల్లల పరీక్షలు, చూడి ఆవు, బస్సు డ్రైవరు, మునక్కాడల ఆమె. ఎవరినీ వదల్లేదు. నేను ఒక కన్ను తెరిచి చూస్తే ఇడ్లీ మీద పొగ సన్నబడుతోంది. సాంబారు బకెట్టుతో వచ్చిన సర్వరు పరదా దగ్గరే ఆగిపోయి, ఏం చెయ్యాలో తెలీక బకెట్టు దించి తనూ చేతులు కట్టుకున్నాడు. అక్క ఆఖర్న "ఈ హోటలు వంటవారిని దీవించుము" అనేసరికి వాడు కూడా తలొంచాడు. ఆమెన్ అయ్యేసరికి పొగ లేదు.

అక్క ఒక ముక్క తిని, "బాగుందే. కొంచెం సల్లగా ఉంది గానీ," అంది.

దేవుడితో మాట్లాడే మనిషిని ఏమంటాం? సర్వరు మాత్రం పాపం, అడక్కుండానే చట్నీ రెండోసారి వేశాడు.

కూటం దగ్గరికి తొమ్మిదిన్నరకి చేరాం. పాటలు పాడాం. పదకొండు దాటాక తెలిసిందేమంటే, వాక్యం చెప్పవలసిన అమ్మగారికి రైలు అందలేదట. ప్రార్థన చేసి పంపించేశారు. అందరూ అయ్యో అంటున్నారు. నేనూ అన్నాను. లోపల మాత్రం పండగే. సాయంత్రం దాకా పట్నం మాదే!

జగదాంబ జంక్షన్లో ఒక పెద్ద హోటలు. ఈసారి నేను ముందే జాగ్రత్తపడ్డాను. "అక్కా, దోసె రాకముందే ప్రార్థన చేసేసుకో. దేవుడికి ముందు చెప్పినా ఒకటే, తర్వాత చెప్పినా ఒకటే." ఆవిడ సరేనంది. చేసింది. ఆమెన్ అన్న నిమిషానికే మొదటి దోసె వచ్చింది. ఎర్రగా, పళ్లెం దాటి రెండువైపులా బయటికొచ్చి, వెన్న ఇంకా కరుగుతూ. సగం గెలిచాననుకున్నాను.

ఎదురు బల్ల దగ్గర ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె పళ్లెం ఇంకా రాలేదు. మా దోసె వంక ఒక్కసారి చూసింది, అంతే. అక్క పళ్లెం ఎత్తి తీసుకెళ్లి ఆమె ముందు పెట్టేసింది. "తినండమ్మా, మాకు ఇంకోటి వత్తాది!"

ఇంకోటి వచ్చింది. అక్క దాన్ని నా వైపు తోసింది. నేను అటు తోశాను.

"నువ్వు తినీ పిల్లా, సిన్నదానివి."

"నీకోసమే వచ్చాం కదక్కా, తిను!"

"నువ్వు తినకుండా నాను ఎలగ తింతాను?"

"అక్కా, నాకు కోపం వత్తంది."

"రానీ. ముందు తినీ."

ఇలా బల్ల మీద ఆ పళ్లెం అటూ ఇటూ తిరిగి తిరిగి, వెన్న గడ్డకట్టింది. చివరికి చెరి సగం తిన్నాం. ఇంకోటి చెబుదామని సర్వరుని పిలిస్తే, "దోసె టైము అయిపోయిందమ్మా. ఇంక మీల్సే. దోసె మళ్లీ సాయంత్రం," అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే!

బయటికొచ్చాక నేను పది అడుగులు ముందు నడిచాను. నాకు కోపమొస్తే అలాగే నడుస్తాను. వెనకనుంచి అక్క, "సుగుణా, ఆ మిషనేటే?" అని అరిచింది. బరువు చూసే మిషను. రంగు దీపాలు తిరుగుతున్నాయి. పది పైసలు వేస్తే గడగడమని చిన్న అట్టముక్క పడుతుంది, ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. అక్క చెప్పులు విప్పి, దణ్ణం పెట్టుకున్నంత భక్తిగా ఎక్కి నిలబడింది. జాతకంలో 'మీరు నాయకత్వ లక్షణాలు కలవారు' అని ఉంది.

"నాయకత్వమంటే ఏటే?"

"నువ్వు చెబితే పదిమంది వినడం."

"మనింట్లో పిల్లి కూడా ఇనదు," అంది, పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చేసింది. కోపం అక్కడితో సరి.

ఆ తర్వాత మధ్యాహ్నం ఎలా గడిచిందో! చెరుకురసం తాగాం, అల్లం, నిమ్మకాయ వేయించుకుని. అది చల్లగానే ఉండాలి కాబట్టి అక్క ప్రార్థనతో వచ్చిన నష్టమేమీ లేదు. పూర్ణా మార్కెట్లో గాజులు బేరమాడి, కొనకుండా బయటికొచ్చి, మళ్లీ వెనక్కెళ్లి కొన్నాం. మూడింటికి బీచికి వెళ్లాం. అక్క చీర కొంచెం ఎత్తి పట్టుకుని నీళ్లలో నిలబడింది. కెరటం వచ్చి పాదాల కింది ఇసక లాక్కుపోతే, "ఓలమ్మో, భూమి ఎల్లిపోతందే!" అని నా భుజం పట్టుకుంది. దూరంగా రేవులోకి పిలుపు కోసం ఓడలు వరసగా ఆగి ఉన్నాయి. అవీ కడబంతే, పాపం. ముంత మసాలా ఒకటి కొని, మురీలు, అదే మరమరాలు, ఒకరి దోసిట్లోంచి ఒకరం తిన్నాం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, నిమ్మరసం, పైన పల్లీలు. పావలాకి అంత సంతోషం ఎక్కడా దొరకదు.

కానీ వేడి దోసె జరగలేదు. అయిదున్నరకి బస్టాండు చేరేసరికి నా మనసు చిన్నబోయింది. పొద్దుటి హోటలు పెనం చుట్టూ జనం. సబ్బవరం బస్సు అప్పుడే వచ్చి ఆగింది. అది పోతే మళ్లీ ఎప్పుడో. గేటు పక్కన ఒకామె బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తోంది. పట్నం వెళ్లి ఖాళీ చేతులతో ఇంటికెలా వెళ్తాం? అత్తకీ పిల్లలకీ అని పెద్ద పొట్లం కట్టించాను. నూనెలోంచి తీసినవి తీసినట్టే కట్టింది. "బేగి ఎక్కండమ్మా, బస్సు కదుల్తంది!"

ఎక్కాం. మా సీట్లోనే మూడో మనిషి, ఎండుచేపల బుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. పొట్లం అక్క ఒళ్లో ఉంది. బస్సు కంచరపాలెం వైపు తిరిగింది.

"కాల్తందే," అంది అక్క.

"ఇటియ్యి, నేను పట్టుకుంటాను."

ఆవిడ ఇవ్వలేదు. పొట్లం వంకే చూస్తోంది. ఒక మడత విప్పింది. గుప్పుమని పొగ, వాము వాసన. ఇంటి దగ్గర పన్నెండు నోళ్లు ఉన్నాయి. అవన్నీ ఆవిడ కళ్లముందు కనిపిస్తున్నాయని నాకు తెలుసు. నేను ఒక్క మాటంటే చెడిపోతుంది.

అక్క కళ్లు మూసుకుంది. అయిపోయింది రా దేవుడా, ఇంక అత్త మోకాలి దగ్గర మొదలవుతుంది అనుకున్నాను.

"దేవా, ఏడిగా ఉన్నాయి. ఆమెన్."

అని కొరికింది! కళ్లంట నీళ్లు, నోరు తెరిచి హా హా అని ఊదుకుంటోంది, మళ్లీ కొరుకుతోంది. మింగాక నావైపు తిరిగి, "సుగుణా, ఇలగుంటాదన్నమాట!" అంది. నాకు ఏడుపొచ్చేసింది. బజ్జీ కారమని చెప్పుకోవచ్చు గానీ, నేనింకా ఒక్కటీ తినలేదు.

రెండు తిన్నాక పొట్లం నాకిచ్చింది. తర్వాత ఎండుచేపల ఆమెకి. "నానొద్దమ్మా" అంటూనే ఆమె రెండు తీసుకుంది. వెనక సీటు వాళ్లకి, కండక్టరుకి. ఎన్.ఎ.డి. జంక్షను దాటేసరికి మిగిలింది నూనె కాగితం. అప్పుడు భయం పట్టుకుంది మాకు. అత్తకి ఏం చెప్పాలి? దారంతా అనుకుంటూనే ఉన్నాం. ఏదీ కుదరలేదు.

అత్త అరుగు మీదే కూర్చుని ఉంది. మా చేతుల వంక చూసింది, గాలి పీల్చింది. "కూటంలో బజ్జీలు పెట్టారేటే?"

నేను తడబడ్డాను. అక్క తడబడలేదు. "లేదత్తా. మీకోసమని కొన్నాం. బస్సులో మేమే తినీసాం."

అత్త వక్క నమలడం ఆపింది. లోపలినించి పిల్లల గోల వినిపిస్తోంది.

"ఏడిగా ఉన్నాయేటే?" అంది.

"నాలిక కాలిపోయింది అత్తా."

ఆవిడ జరిగి మా ఇద్దరికీ అరుగు మీద చోటిచ్చింది. "కూకోండి. అన్నీ సెప్పండి," అంది. ఇడ్లీ దగ్గర్నించి చెప్పాం. అంతా విని, లేవబోతూ మోకాలు పట్టుకుని అడిగింది.

"మళ్లీ కూటం ఎప్పుడే? నానూ వత్తాను. పార్దన మాత్రం నాను సేత్తాను రాహేలూ. నీదైతే సల్లారిపోద్ది."