మొదటి రెక్కల పురుగు

రాయచోటికి పోయే బస్సు పంక్చరై ఆగితే, తొలివానకు తడిసిన చేను పక్కన నిలబడ్డాను. పొద్దు గుంకుతోంది. గట్టు మీద ఒక అవ్వ కంపకుప్పకు నిప్పు పెడుతోంది. ఆమె కాళ్ల దగ్గరే మట్టిపెళ్ల కదిలి, రెక్కలింకా విప్పుకోని పురుగొకటి బయటికి పాకింది.

"ఇది లేసిందంటే వాన పదును లోతుకు దిగినట్టే. రేపు శెనక్కాయ ఇత్తొచ్చప్పా," అంది.

"మరి ఈ మంట ఎందుకవ్వా?"

"దీని పిల్లలే కదా పైరంతా తినేది. రెక్కలొచ్చినాక ఇయ్యి గుడ్లు పెట్టకముందే మంటలో వచ్చి పడతాయి."

అంటూనే దాన్ని పుల్లతో ఎత్తి, మంటకు దూరంగా కంచె మీద పెట్టింది. తడిరెక్కలు మెల్లగా విచ్చుకుని, అంచున పసుపు గీత తేలేదాకా నేను కదల్లేదు, బస్సు హారన్ కొట్టినా.

"మొదట వచ్చినదాన్ని సంపం," అంది అవ్వ. "రెండేండ్లు వాన కోసం మన్నులో కాసుకోనుండాది, మా మాదిరే."