అందరికీ ఒకటే ప్రోగ్రాం

మా అక్క పోయిందని ఉదయగిరిలో వాళ్లింటి నుంచి ఫోను వచ్చేసరికి నేను ఆత్మకూరు ఆఫీసులో ఆమె మీదే విసుక్కుంటున్నాను. ముందురోజే నా పని టెస్ట్ చేసి, బాగాలేదని తిప్పి పంపింది. తెల్లారేసరికి గుండెపోటు. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తోడబుట్టిన అక్క కాదు. పాల కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ చేసే మా చిన్న కంపెనీకి మేనేజరు. చెన్నైలో మంచి ఉద్యోగం వదిలి వచ్చింది. వచ్చిన కొత్తలో ఏమీ మార్చలేదు. మా పక్కన కుర్చీ వేసుకుని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ మేం పనిచేసే తీరు చూసేది. మాకు ఒళ్లు మండేది.

మా జబ్బు మొహమాటం. కేంద్రాల వాళ్లంతా తెలిసినవాళ్లే. పాలు పోసినవాళ్లకిచ్చే స్లిప్పు మార్చమని ఒకాయన, అందులో వెన్న శాతం ముందు చూపమని ఇంకొకాయన ఫోన్ చేస్తే ఎవరికి కావలసినట్టు వాళ్లకు చేసిచ్చేవాళ్లం. చివరికి కేంద్రానికో ప్రోగ్రాం తయారైంది. ఏది ఎక్కడ చెడిందో మాకే తెలిసేది కాదు. కేంద్రాలు విసిగి వదిలిపోతుంటే, ఇక మూసేస్తానని యజమాని తేల్చేశాడు.

"కాదనేదానికి మీకు నోరు రాదు. ఇంక వాళ్లనే కూర్చోబెట్టి మాట్లాడుకోనిద్దాం" అన్నది అక్క.

నెలనెలా కేంద్రాల వాళ్లందరినీ ఆఫీసుకు పిలిచేది. ఇక అందరికీ ఒకటే ప్రోగ్రాం; ఏ మార్పయినా అందరూ ఒప్పుకుంటేనే, అదీ ఆమె టెస్ట్ చేశాకే కేంద్రాలకు పోయేది. మొదటిసారి సీతారామపురం కేంద్రం ఆయన, తనడిగిన మార్పు ఒప్పుకోలేదని అలిగి టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అక్క బస్టాండుకు పోయి, బస్సు వచ్చేదాకా ఆయన గేదెల సంగతులే అడుగుతూ కూర్చుంది. మరుసటి నెల ఆయనే అందరికంటే ముందొచ్చాడు. నిదానంగా వదిలిపోయినవాళ్లూ తిరిగొచ్చారు. ఈ రోజు నేను ఆత్మకూరులోనే బతుకుతున్నానంటే ఆమె చలవే.

తప్పు దొరికితే పేర్లు అడిగేది కాదు. "ఎవురు చేసినారో నాకొద్దురా. ఇంతమంది కళ్లు దాటి ఎట్ట పోయిందో చెప్పండి" అనేది. ఆ ధైర్యంతోనే మా తప్పులు మేమే ముందుగా చెప్పుకోవడం నేర్చుకున్నాం.

ఉదయగిరిలో మట్టి వేసి వస్తుంటే, ఏం మాట్లాడాలో తోచక కాబోలు, సీతారామపురం ఆయన నా పక్కకు చేరాడు. అక్క ఒప్పుకోని మార్పొకటుందట, తన కేంద్రానికి మటుకు చేసిపెట్టమన్నాడు. కాదనలేక తల వంచుకున్నాను.

ముందు నడుస్తున్న కొండాపురం కేంద్రం ఆయన ఆగాడు.

"అది అందరం కూర్చున్నప్పుడు అడుగన్నా" అన్నాడు మెల్లగా.

సీతారామపురం ఆయన సరేనన్నట్టు తలూపాడు. ఊపుతూనే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.