డబ్బా మీద రెండక్షరాలు

మా ప్రయోగశాలలో ఆకులు ఆరబెట్టి, పొడిచేసి, డబ్బాలకెత్తే ఆవిడను అందరమూ డబ్బాలక్క అనేవాళ్లం. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆమె నమ్మిన పరికరం ఒక్కటే, తన చెవి. ఆకు ఈనెను చెవి దగ్గర పెట్టుకుని విరిచేవారు. టక్కుమంటే ఆరినట్టు. లేకపోతే ఇంకో రోజు.

మా పని మందుకు లొంగని క్యాన్సర్ కణాల మీద. అటువంటి కణం లోపలికి వచ్చిన మందును తన పొరలోని పంపులతో బయటికి తోసేస్తుంది. డబ్బాలక్క ఆరబెట్టిన ఆకుల సారం ఆ పంపులకు అడ్డుపడింది. మందు ఒక్కటే వేస్తే నూటికి ఎనభై ఒక్క కణాలు బతికాయి. సారం కలిపి వేస్తే ఇరవై రెండు. సారం ఒక్కటే వేసినప్పుడు దాదాపు అన్నీ బతికాయి. అంటే చంపినది మందే. సారం దాన్ని లోపల నిలిపింది.

ఆ తర్వాత ఆమె మోకాలి ఆపరేషన్‌కు రెండు నెలలు సెలవు పెట్టారు. రెండోసారి ఆకులు నేను సిద్ధం చేశాను, సారం పనిచేయలేదు. మూడోసారీ అంతే. నాలుగోదీ తప్పితే పని ఆపేసి, మొదటి ఫలితం పొరపాటని రాసుకుందామని ప్రయోగశాల పెద్దాయన తేల్చేశారు.

చేతికర్రతో తిరిగి వచ్చిన రోజే డబ్బాలక్క ఆ మాట విన్నారు.

"పొరపాటంటే ఎవరిది? నాదా?"

"ఎవరిదీ కాదక్కా. ఆకే అంత."

"నోరు లేనిదాని మీద నెట్టకు బాబూ. నువ్వెలా ఆరబెట్టావో చెప్పు."

"మీ డబ్బా మీద రాసినట్టే. నీ.ఆ. తొమ్మిది. నీటి ఆవిరి, తొమ్మిది నిమిషాలు. తర్వాత ఆరబెట్టాను."

ఆరబెట్టే ముందు ఆకుకు ఆవిరి పట్టించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది కనుక నాకు అనుమానం రాలేదు.

"ఉడకేశావా?"

"తొమ్మిది నిమిషాలేగా."

"నీ చదువు చల్లగుండ. నీ.ఆ. అంటే నీడలో ఆరినవి. తొమ్మిది రోజులు."

కొత్త ఆకులు తెప్పించి, ఉత్తరపు కిటికీ గదిలో వల తట్టల మీద పరిచారు. తొమ్మిదో రోజు నేను డబ్బా పట్టుకుని వెళ్లాను. ఆమె ఈనె విరిచి తల అడ్డంగా ఊపారు.

"తొమ్మిదైందిగా అక్కా?"

"అప్పుడు ఎండాకాలం. ఇప్పుడు గాల్లో చెమ్మ ఉంది. రేపు రా."

పదో రోజు టక్కుమంది. నాలుగో సారంతో నూటికి ఇరవై నాలుగు కణాలే మిగిలాయి. పెద్దాయన పరీక్షను మళ్లీ చేయించారు, ఇరవై మూడు. ఆవిరి వేడికి సారంలోని అసలు పదార్థం చెడిపోతుందని తర్వాత కొలిచి నిర్ధారించుకున్నాము. ఇదంతా గాజుపళ్లెంలోని కణాల సంగతి. రోగి దాకా ఇంకా చాలా దూరముంది. కానీ మొదటి ఫలితం నిలబడింది.

నివేదికలో పద్ధతి కింద పెద్దాయన తన చేత్తోనే రాశారు: "ఈనె చెవికి వినబడేట్టు విరిగేవరకు నీడలో." ఆ వాక్యాన్ని ఆమెకు చదివి వినిపించాను. డబ్బాలక్క కర్ర పక్కన పెట్టి, కాగితం చేతిలోకి తీసుకుని, మరోసారి చదువుకున్నారు.

"అంతా బాగుంది బాబూ. ఏ చెవో రాయలేదేం? ఎడమది."