నీలం పీలిక కట్టిన ఆనపకాయ

ఆ రోజుల్లో పెరట్లో కాసిన కాయకి వేరే పేరేమీ ఉండేది కాదు. ఆనపకాయ అంటే ఆనపకాయే. ఈమధ్య మా గుడివాడలో ఒక కొట్టాయన అద్దాల తలుపు బిగించి, లోపల చల్లగా ఉంచి, 'సేంద్రియం' అని చీటీ అంటించి అదే ఆనపకాయని అమ్ముతుంటే, దాని ముందు నిలబడి ఓ నమస్కారం పెట్టాలనిపించింది (పెట్టలేదు, పక్కన మా ఆవిడ ఉంది). పేడ, బూడిద, కుడితి నీళ్ళు తప్ప ఇంకేమీ ఎరగకుండా పెరిగిన కాయకి ఇంత మర్యాద జరుగుతుందని అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే మొట్టమొదట నవ్వేవాణ్ణి నేనే. ఎందుకంటే అప్పట్లో నేను ఆ పేడ, బూడిద మానిపించే ఉద్యోగంలో ఉన్నాను.

నాకు ఇరవై రెండేళ్ళు. గ్రామసేవకుడిగా వేశారు. పుట్టి పెరిగింది చిలకలపూడిలో, గిల్టు నగలు చేసే ఇంట్లో. మా నాన్న, బాబాయిలు పొద్దస్తమానం కుంపటి ముందే కూర్చునేవారు. మా ఇంట్లో పచ్చగా ఉండేది తులసి మొక్క ఒక్కటే, దాని మంచిచెడ్డలు కూడా మా అమ్మే చూసుకునేది. అలాంటివాణ్ణి శిక్షణలో కొన్నాళ్ళు కూర్చోబెట్టి, చేతికి ఒక పుస్తకం, ఒక సైకిలు, ఒక తెల్ల ఎరువు బస్తా ఇచ్చి, రైతులకి వ్యవసాయం నేర్పమని దివిసీమకి పంపేశారు. కోడూరుకి కాస్త ఇవతల, కాలవ నీళ్ళు వస్తూ వస్తూ ఓపిక అయిపోయి ఆగిపోయే చోట ఉంది నా ఊరు. నుయ్యి తవ్వితే ఉప్పునీళ్ళు. ఎండకి నేల మీద తెల్లగా పొర కట్టేది. ఇంక ఉక్క సంగతంటారా, పొద్దున తొడుక్కున్న చొక్కా పది గంటలకల్లా పిండుకోవాల్సిందే.

నాకు వీధిగది అద్దెకిచ్చిన ఆవిడని ఊరంతా మామ్మగారు అనేవారు. ఒంటరి మనిషి, సన్నగా, కాస్త వంగి ఉండేది. కానీ ఆవిడ పెరడు చూస్తే అది ఆ ఊరి నేల అంటే నమ్మలేం. నేల మీద ఏదీ పాతేది కాదు. కాలవ వండ్రుమట్టి, పేడ, ఊక, పొయ్యిలో బూడిద కలిపి మోకాలెత్తు దిబ్బలు పోసి, ఆ దిబ్బల మీద పాదులు పెట్టేది. వానకి నీళ్ళు కిందికి జారిపోయేవి, ఎండకి ఉప్పు పైకెక్కేది కాదు. (ఇదంతా నేను తర్వాత అర్థం చేసుకున్నది. అప్పట్లో మాత్రం 'అశాస్త్రీయం' అని డైరీలో రాసుకున్నాను.) సరుగుడు కర్రల పందిరి మీద ఆనప తీగ అల్లుకుని, కాయలు కిందికి వేలాడుతూ ఉండేవి.

మాకు పైనుంచి ఒక ఆర్డరు ఉండేది. ప్రతి గ్రామసేవకుడూ తాను ఉండే చోట ఒక పెరటితోట వేసి ఊరికి చూపించాలి. మామ్మగారి పెరట్లోనే ఓ మూల అడిగి తీసుకుని, పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే చదునుగా, చతురస్రంగా మళ్ళు కట్టాను. తాడు పట్టి గీత గీశాను. ఆఫీసువాళ్ళిచ్చిన పొట్లంలో గింజలు నాటి, తెల్ల ఎరువు దోసిళ్ళతో చల్లాను. మామ్మగారు గట్టు మీద కూర్చుని అంతా చూసి, లేచొచ్చి, ఆ ఎరువు ఇంత వేలికి అద్దుకుని నాలిక మీద వేసుకుంది.

"మామ్మగారూ, అది తినేది కాదండీ!" అని అరిచాను.

"తినట్లేదులే. ఉప్పగా ఉంది నాయనా," అంది ఊసేస్తూ. "ఈ నేలంతా ఉప్పే కదా. మళ్ళీ బస్తాలో తెచ్చి మరీ పోస్తున్నావెందుకూ?"

శాస్త్రం గురించి ఆవిడకి పావుగంట చెప్పాను. ఆవిడ కాదనకుండా విని, "సరేలే, ఎండలో నుంచున్నావు, మజ్జిగ తాగుదువు గాని రా," అంది. నా మొక్కలు మొదట పదిరోజులు నవనవలాడాయి. ఆ పదిరోజులూ నేను కాస్త ఛాతీ విరుచుకునే తిరిగాను. తర్వాత ఆకుల అంచులు కాలినట్టు ఎర్రబడ్డాయి. ఆషాఢం వానకి చతురస్రాలు నాలుగూ నాలుగు చిన్న చెరువులయ్యాయి. నీళ్ళు ఇంకాక చూస్తే బెండ మొక్క ఒకటి మిగిలింది. అది కూడా నామీద జాలిపడి నిలబడినట్టుండేది.

కార్తీకంలో కబురొచ్చింది. బందరు నుంచి ఆఫీసరుగారు జీపులో వచ్చి తోటలు చూస్తారట. నా ప్రొబేషను అప్పుడే ముగియబోతోంది. ఆయన రిజిస్టర్లో రాసే ఒక్క వాక్యం మీద ఉంది నేను ఉద్యోగంలో ఉండటమో, తిరిగి చిలకలపూడి వెళ్ళి కుంపటి ఊదటమో. మా నాన్న అప్పటికే ఊరంతా 'మావాడు గవర్నమెంటు' అని చెప్పుకున్నాడు. అన్నం సయించక కూర్చుంటే మామ్మగారు అడిగింది. చెప్పాను.

"ఇంతేనా! నా పాదు చూపించు. పెరడు ఒకటే కదా, నీదీ నాదీ అని ఆయనకేం తెలుస్తుంది?" అంది. మళ్ళీ తనే, "పిందెలకి మాత్రం వేలు చూపించనివ్వకు. అదిగో, ఆ నీలం పీలిక కట్టిన కాయ జోలికి ఎవర్నీ రానివ్వకు. అది విత్తనం కాయ," అంది.

పిందెకి చూపుడు వేలు తిన్నగా చూపిస్తే అది కుళ్ళి రాలిపోతుందని మా వైపు పట్టింపు. చూపించాల్సి వస్తే వేలు మడిచి చూపించాలి. విత్తనం కాయ సంగతి మాత్రం అప్పుడే తెలిసింది. మామ్మగారు పెళ్ళయి వస్తూ పమిడిముక్కల దగ్గర పుట్టింటి నుంచి ఆనప గింజలు కొంగున కట్టుకొచ్చిందట. "మొదటేడు ఒక్క పాదే బతికింది నాయనా. దాని గింజలే దాచాను. రెండో ఏడు రెండు బతికాయి. అలా బతికినదాని గింజే దాచుకుంటూ వచ్చాను. ఇప్పటికి ఈ ఉప్పుకి అలవాటు పడిపోయింది, నాలాగే." ఏడాదికి ఒక్క కాయ ఉంచేది. విత్తే వేళకి గింజలు ఊరందరికీ పంచేసేది. వాళ్ళు కాయలన్నీ కూరొండుకు తినేసి, మళ్ళీ ఏడు ఆవిడ దగ్గరికే చెయ్యి చాపుకుంటూ వచ్చేవాళ్ళు. ఆ ఏటికి ఊరందరి ఆనపకాయలూ ఆ నీలం పీలిక వెనకే ఉన్నాయన్నమాట.

గిల్టు పని చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, పైపూత వెయ్యడం నాకెవరూ నేర్పక్కర్లేదు. 'ప్రదర్శన తోట' అన్న బోర్డు నా మళ్ళ దగ్గర నుంచి పీకి మామ్మగారి పందిరి దగ్గర పాతాను. బల్లకట్టు మీద రేవు దాటి జీపు వచ్చింది. ఆఫీసరుగారు భారీ మనిషి, నడుస్తుంటే బూట్లు కిర్రుమనేవి. పందిరి కింద నిలబడి, "భేష్! ఎరువు మోతాదు ఎంత?" అని అడిగితే, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. ఆయన తల పంకించి, "అదిగో, ఆ పిందె చూశారా," అని గుమాస్తాకి వేలు చాపి చూపించబోయారు.

మామ్మగారు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. ఆ వయసులో అంత వేగంగా మనిషి కదలగలదని నేననుకోలేదు. ఒక్క ఉదుటున వచ్చి ఆఫీసరుగారి వేలు పట్టుకుని మడిచేసింది. "ఏమీ అనుకోకండి బాబూ. ఇలా మడిచి చూపించండి. చంటిది, తట్టుకోలేదు." గుమాస్తా నోరు తెరిచాడు. ఆఫీసరుగారు మడిచిన తన వేలి వంక చూసుకుని ఫెళ్ళున నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఉద్యోగం ఖాయమైపోయిందనిపించింది. మామ్మగారు మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే ఆయన, వేలు జాగ్రత్తగా మడిచి, "ఇదేదో బాగా పెరిగిందోయ్. ఇంటికి పట్టుకెళ్తాను, మా ఆవిడకి చూపిస్తాను," అన్నారు. నీలం పీలిక కట్టిన కాయ.

'విత్తనం కాయండీ' అనాలి. రెండు మాటలు. గుమాస్తా చేతిలో రిజిస్టరు తెరిచి ఉంది. నేను చాకు తీసి, నా చేత్తోనే తొడిమ కోసి, పీలిక ఊడదీసి జేబులో పెట్టుకుని, కాయ జీపులో పెట్టాను. మామ్మగారు మజ్జిగ చెంబుతో వచ్చేసరికి జీపు వెళ్ళిపోయింది. రిజిస్టర్లో 'ఆదర్శప్రాయం' అని ఉంది. ఆవిడ పందిరి వంక చూసింది, నా వంక చూసింది. "మజ్జిగ నువ్వైనా తాగు," అని చెంబు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటికి తీగ ఆఖరుకొచ్చేసింది. ఉన్నవన్నీ ఆలస్యపు పిందెలే, విత్తనానికి ముదరవు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు. వేళకి అన్నానికి పిలిచేది, కూర వడ్డించేది, కుడితి నీళ్ళు యథాప్రకారం పాదుకి పోసేది. మాట మాత్రం లేదు. జేబులో పీలిక చేతికి తగిలినప్పుడల్లా సిగ్గేసేది. ఆదివారం దాకా ఎలాగో ఓర్చుకుని, పడవలో రేవు దాటి, బస్సెక్కి బందరు వెళ్ళాను.

ఆఫీసరుగారి భార్య వరండాలోకి వచ్చారు. "ఆ కాయా! కత్తిపీట మొండిబారిపోయింది కానీ అది తెగలేదు నాయనా. ఆవుకి పడెయ్యమన్నాను." పెరట్లో పశువుల పాకలోకి పరుగెత్తాను. ఆవు కాయ మెడ దగ్గర కాస్త కొరికి, లాభం లేదనుకుని వదిలేసినట్టుంది. పొట్ట గట్టిగానే ఉంది. దాన్ని గడ్డిలోంచి తీసి గుండెకి హత్తుకుని లేచేసరికి గుమ్మంలో ఆఫీసరుగారు.

"ఏమోయ్, ఇచ్చిన కాయ మళ్ళీ తీసుకుపోవడానికి వచ్చావా?"

"విత్తనం కాయండీ," అన్నాను. ఆ రెండు మాటలూ బయటికొచ్చాక మిగిలినవి ఆగలేదు. "ఆవిడదండీ. తోట కూడా ఆవిడదేనండీ. నాది చచ్చిపోయిందండీ. ఆ పాదుకి ఎరువు ఏమీ వెయ్యలేదండీ, పేడేనండీ."

ఆయన నన్నూ, నా చేతిలో ఆవు కొరికిన ఆనపకాయనీ చూశారు. "ఆవిడ... నా వేలు మడిచిన ఆవిడా?" అన్నారు. ఔనన్నాను. లోపలికి వెళ్ళి రిజిస్టరు తెప్పించి, తను రాసిన మాట కొట్టేశారు. "ప్రొబేషను ఇంకో ఏడాది. ఈసారి నీ తోట నువ్వు పెంచు. వచ్చి చూస్తాను," అని, వెళ్ళబోతూ ఆగి, "అక్కడ పిందె రాలలేదు కదా?" అని అడిగారు. లేదన్నాను.

కాయ ఒళ్ళో పెట్టుకుని బస్సులో, పడవలో కూర్చున్నాను. చూసినవాళ్ళు చూశారు, నవ్వినవాళ్ళు నవ్వారు. మామ్మగారి ముందు కాయ పెట్టి, జేబులోంచి పీలిక తీసి పక్కన పెట్టాను. జరిగినదంతా చెప్పాను. ఆవిడ కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. దాన్ని పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీసి, ఎండాక ఓ రోజు పగలగొట్టింది. పూర్తిగా పండకముందే కోసిన కాయ కదా, చేటలో పోసి చెరిగితే గింజలు చాలామటుకు తాలు. గట్టివి నాలుగే తేలాయి. విత్తే వేళ దాకా పురుగు పట్టకుండా మూడు గింజలు పచ్చి పేడలో అద్ది గోడకి పిడక కొట్టి, నాలుగోది నా అరచేతిలో పెట్టింది.

"ఉన్నవే నాలుగు కదండీ," అన్నాను.

"ఆదివారం పూట బందరు వెళ్ళి అడిగొచ్చావుగా. ఇది నీ తోటకి. ఈసారి దిబ్బ పోసి నాటు. ఆ ఉప్పు మాత్రం వెయ్యకు, నీ పుణ్యముంటుంది," అంది.

ఆ గింజ మొలిచింది. నా దిబ్బ వంకరగా ఉండేది కానీ పాదు తిన్నగానే పాకింది. ఆఫీసరుగారు మరుసటేడు వచ్చి, వేలు మడిచే చూపించి, ఉద్యోగం ఖాయం చేసి వెళ్ళారు. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళు మారినా, మామ్మగారు పోయిన తర్వాత కూడా, ఆ గింజ నాతో వస్తూనే ఉంది. ఇప్పుడు గుడివాడలో మా డాబా వెనక పందిరి మీద ఉంది. ఏటా ఒక కాయకి నీలం పీలిక కడతాను. తీగ కిందికి ఎవరొచ్చినా, కూరగాయలాయన వచ్చినా, కరెంటు మీటరు చూసుకునే కుర్రాడు వచ్చినా, వాళ్ళు ఆ కాయ వంక చూసీ చూడకముందే, "విత్తనం కాయండీ, విత్తనం కాయ," అనేస్తాను. "మిమ్మల్ని ఎవరడిగారండీ?" అంటుంది మా ఆవిడ. ఎవరూ అడగలేదు. ఒకప్పుడు అడిగినవాడికి చెప్పలేకపోయాను కదా, ఇప్పుడు అడగనివాళ్ళకి కూడా చెప్పేస్తున్నాను.